అడిగి తెచ్చుకున్న అగ్గి

మిగతా మాస్టర్లు మాకొద్దన్న పనులన్నీ తిరిగి తిరిగి డ్రిల్లు మాస్టరు నెత్తిన పడతాయి. పులివెందులలో ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టరు సిరాజుద్దీన్‌కు స్కౌటు దళం అట్లాగే దఖలు పడింది. నెత్తిన పడ్డదాని మీద ప్రేమ పెంచుకునే పాడలవాటు మాత్రం ఆయన సొంతం.

1958లో హెడ్‌మాస్టరు తేల్చేశాడు. "సిరాజూ, మూడేండ్లు చూసినా. ప్రొద్దుటూరు పోటీల్లో ఈసారన్నా షీల్డు కొట్టుకొస్తే సరి. లేదంటే మీ స్కౌట్ల గది తాళంచెవి నాకిచ్చెయ్. బెంచీలు వానకు నానుతాండాయి."

ఆ గదిలో ఉన్న ఆస్తి కొన్ని కర్రలు, రెండు తాళ్ల చుట్టలు, ఒక జెండా. అయినా గది పోతే దళమూ పోయినట్టేనని సిరాజుద్దీన్ దిగులు.

పోటీకొక షీల్డు. గెలిచే ఆశ ఉన్నది ఒక్క పోటీలోనే, అగ్గి రాజేయడంలో. రెండు కొయ్యల మధ్య నడుమెత్తున పురికొస కడతారు. కింద మంట పెట్టాలి. ఎవరి పురికొస ముందు కాలి తెగితే వాళ్లది గెలుపు. కాగితం, కిరసనాయిలు వాడకూడదు. జట్టుకు రెండే అగ్గిపుల్లలు.

పల్లె పిల్లలకు ఇదొక విద్యా అనిపిస్తుంది. విద్యే. ఆ రోజుల్లో అగ్గిపెట్టె పిల్లల చేతికందే వస్తువు కాదు. బూడిద కింద కప్పిన నిప్పు తెల్లారేసరికి ఆరిపోతే పిడక ముక్క చేతికిచ్చి నిప్పు తెమ్మని పక్కింటికి తోలేవాళ్లు. పుల్ల గీయడం బాగా వచ్చిన పిల్లవాడంటే చాటుగా బీడీ తాగేవాడే. అందుకని సిరాజుద్దీన్ ఏడాది పొడుగునా ఆ ఒక్కటే నేర్పాడు: గాలికి వీపు పెట్టడం, అరచేతులు గూడు చేయడం, పుల్ల తల కిందికి వంచడం. జట్టు నాయకుడు అమీర్ బాషాకు కట్టెలు పేర్చడం పుట్టుకతో వచ్చింది. అడుగున జొన్న సొప్ప, పైన పత్తికట్టె, చుట్టూ కందికట్టె గుడిసెలా నిలబెట్టేవాడు. గీయడమే అంతంతమాత్రం.

పోటీ పెన్నా ఇసుకలో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడు జట్లు పక్కపక్కనే. తీర్పరి గురురాజారావు, రిటైరైన లెక్కల మాస్టరు. శీలం గురించి, సేవ గురించి ఆయన అరగంట ఉపన్యసించాడు. ఈలోగా గాలి లేచింది. ఉపన్యాసం పది నిమిషాల్లో ముగిసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఈల మోగింది. అమీర్ బాషా గీసిన మొదటి పుల్లను గాలి మింగింది. రెండోది సొప్ప అంచుకు అంటుకుని, ఇంత పొగ విడిచి, చచ్చిపోయింది. గీత అవతల నిలబడ్డ సిరాజుద్దీన్ నోరు తెరవకూడదు. పండ్లు కొరుక్కున్నాడు.

అమీర్ బాషా ఖాళీ చేతులు ఒక్కసారి చూసుకున్నాడు. తర్వాత తమ కట్టెల్లోంచి పిడక ముక్క ఒకటి ఏరుకుని, పరుగు కూడా తీయకుండా, ప్రొద్దుటూరు జట్టు దగ్గరికి నడిచాడు.

"అన్నా, రవ్వంత అగ్గి పెట్టు."

అక్కడ ఆ జట్టు నాయకుడు ఓబులేసు మోకాళ్ల మీద వంగి మంట ఊదుతున్నాడు. తల కూడా ఎత్తలేదు. "ఆ పక్కన తీసుకోప్పా. మధ్యలో కెలకొద్దు."

పిడక అంచున నిప్పు పట్టుకుని వచ్చి అమీర్ బాషా నాలుగు ఊదులు ఊదాడు. గుడిసె భగ్గుమంది. పులివెందుల పురికొస టప్పున తెగింది. ప్రొద్దుటూరుది ఇంకా పొగచూరుతూనే ఉంది.

ప్రొద్దుటూరు మాస్టరు దక్షిణామూర్తి శివాలెత్తాడు. "ఎందుకిచ్చినావురా?"

"అడిగినాడు సార్."

"అడిగితే ఇచ్చేస్తావా?"

"అగ్గే కద సార్. అడిగినోళ్లకు లేదంటే మాయమ్మ తంతాది."

జమ్మలమడుగు నుంచి ఒకడు అందుకున్నాడు. "మమ్మల్నడిగినా ఇచ్చేటోళ్లమే, మాకే అంటుకోకపాయె!"

గురురాజారావు నియమాల పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. "రెండు పుల్లలు మించకూడదన్నారు, మించలేదు. పక్కోళ్లను అడగడం గురించి ఇందులో ముక్క లేదు. ఏమప్పా సిరాజుద్దీన్, ఇది మీరు నేర్పిందేనా? అవునంటే షీల్డు మీదే."

ఒక్క 'అవును' చాలు, గది నిలబడుతుంది. సిరాజుద్దీన్ ఇసుకలో పడున్న రెండు నల్లతల పుల్లల వైపు చూశాడు.

"కాదు సార్. నేను నేర్పింది పుల్ల గీయడం. అది మావోనికి రాలే. ఆ మంట ప్రొద్దుటూరోళ్లది."

దీన్ని సత్యసంధత అని పొగిడినవాళ్లు తర్వాత చాలామందే తేలారు. వాళ్ల మాట నమ్మనక్కర్లేదు. ఏడాది నేర్పిన పని కళ్లముందే ఆరిపోతే దానికి బహుమతి పుచ్చుకోవడం ఆయనకు నామోషీ. అది పనివాడి రోషం, అంతకుమించి ఏమీ లేదు.

షీల్డు ప్రొద్దుటూరుకే పోయింది. తిరుగు బస్సులో ముద్దనూరు దాటాక అమీర్ బాషా అడిగాడు. "సార్, నేను తప్పు చేసినానా?"

"చేసినావు. రెండో పుల్ల గాలికి ఎదురుగా గీసినావు."

"అది కాద్సార్. అగ్గి అడిగింది."

"అది తప్పని ఎవడన్నాడ్రా?"

సోమవారం హెడ్‌మాస్టరు కథంతా విని కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి చాపి తాళంచెవి తీసుకున్నాడు. సాయంత్రానికి గదిలో బెంచీలు చేరాయి.

శనివారం సిరాజుద్దీన్ తాళ్ల చుట్టలు భుజానేసుకుని ఇంటికి బయల్దేరాడు. బడి గోడ వారన ఏడుగురు కూచుని ఉన్నారు, అమీర్ బాషాతో కలిపి.

"గది లేదు కద సార్, యాడ కూడేది?"

ఆయన తాళ్ల చుట్ట ఒకటి అమీర్ బాషా చేతిలో పెట్టాడు. "వంక ఇసుకలో. ఆడ గాలి శానా కొడతాది. పదండి."

ఏడుగురూ లేచి నిక్కర్లకంటిన దుమ్ము దులుపుకున్నారు.