గాలి చొరని ఇల్లు

చలికాలంలో కుళాయి నీళ్ళు గొట్టంలోనే గడ్డకట్టుకుపోయే ఈ దూరదేశపు ఎత్తైన ఎడారిలో, ఒక పాత చెక్క ఇంటిని చీమ కూడా ఊపిరి తీసుకోలేనంత బిగుతుగా, ఎవరి సాయమూ లేకుండా ఒంటిచేత్తో బిగించిన మొదటి తెలుగువాణ్ణి నేనే. ఆ వింత చూడ్డానికి ఊరు ఊరంతా కదిలి వచ్చింది. ఈ సంగతి నేను ఎన్నో పెళ్ళిళ్ళలో, పక్క కుర్చీలో ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పాను. ఇందులో పాలెన్నో నీళ్ళెన్నో కాస్త కిందకి వెళ్ళాక నేనే చెబుతాను, తొందరపడకండి. ఈ వయసులో నిజం చెప్పడానికి కూడా కొంచెం ఓపిక కూడదీసుకోవాలి.

ఇప్పుడిది ఎందుకు గుర్తొచ్చిందంటే, ఇక్కడికి చాలా దూరంలో కాపెల్ అనే ఊళ్ళో ఉండే మా అమ్మాయి పోయిన వారం ఫోన్ చేసి, "నాన్నా, మీ ఇల్లు ఫ్రీజర్‌లా ఉంది, ఇల్లు బిగించే మనుషుల్ని బుక్ చేసేశాను, నువ్వు నో అనకు" అంది. అనే ఓపిక నాకూ లేదు. నిన్న పొద్దున్నే వాళ్ళు పెద్ద బండీ, ఏనుగు తొండంలాంటి గొట్టమూ వేసుకుని వచ్చి, మమ్మల్నిద్దర్నీ బయటికి పంపేశారు. నేనూ మా ఆవిడా కార్‌లో హీటర్ వేసుకుని, ఒళ్ళో దుప్పటి కప్పుకుని, మా ఇంటి వాకిట్లోనే ప్రయాణికుల్లా కూర్చున్నాం. ఒకప్పుడు చలి ఆగడానికని నేను అటక మీద పరిచిన గులాబీరంగు గాజుపీచు ఎలకల కంపుతో, మసిబారిపోయి, నల్లటి చెత్తసంచుల్లో మా కళ్ళముందే బయటికి వచ్చింది. మా ఆవిడ సంచుల్ని ఒకటొకటిగా లెక్కపెట్టింది. లోపలి మాట లోపలే దాచుకోవడం ఆవిడకి బాగా వచ్చు. సాయంత్రం వెళ్ళబోయే ముందు వాళ్ళు హాల్లో గోడకి తెల్లటి గుండ్రటి అలారం ఒకటి బిగించి, ఇల్లు ఇప్పుడు బాగా బిగిసింది కనక లోపల ఏదైనా నిప్పు వల్ల విషవాయువు పుడితే దానికి వాసనా రంగూ ఉండవని, ఇదే అరిచి చెబుతుందని, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. నేను తలూపాను. ఆ సంగతి మా ఇంటికి తెలిసినంతగా ఈ ఊళ్ళో మరే ఇంటికీ తెలియదని వాళ్ళతో చెప్పే ఓపిక లేకపోయింది.

మా అమ్మాయి ఈ ఇంట్లోకే వచ్చింది, నెల తక్కువలో పుట్టి, నా రెండు అరచేతుల్లో ఇమిడేంత పిల్లగా. డాక్టరు మమ్మల్ని ఇంటికి పంపుతూ, పిల్ల ఒంటికి చలి తగలనివ్వొద్దని, జలుబు చేస్తే ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవని కచ్చితంగా చెప్పాడు. చెప్పడం తేలికే. ఈ ఇల్లు చూస్తే కిటికీలు మూసి ఉన్నా పరదాలు ఊగేవి, నేల చెక్కల సందుల్లోంచి గాలితోపాటు ఇసక కూడా వచ్చేది, పడక పక్కన పెట్టుకున్న గ్లాసులో నీళ్ళ మీద తెల్లారేసరికి పాల మీద మీగడలా మంచు కట్టేది. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. అన్నం పలుకుగానే దిగేది, కందిపప్పయితే కుక్కర్ ఎన్ని కూతలు కూసినా ఈ ఎత్తుకి లొంగేది కాదు, పెదవులు పగిలి నవ్వితే రక్తం వచ్చేది. మధ్యాహ్నం ఎండ మాత్రం మన రోహిణీకార్తెలా చురుక్కుమనేది, నీడలోకి అడుగుపెడితే మళ్ళీ ఎముకలు కొరికేది. పురుడు పొయ్యడానికి మా అత్తగారు మొదటిసారి విమానమెక్కి వచ్చి, దిగిన రోజున ఆ బోడి కొండల్నీ, సేజ్ అనే బూడిదరంగు పొదల్నీ చూసి, "ఇక్కడ మనుషులెందుకు కాపరముంటున్నారే అమ్మాయ్" అని కూతుర్ని అడిగారు.

అంచేత ఇల్లు బిగించాను. మన ఇళ్ళల్లో వెల్లవేసేవాళ్ళు గుర్తొచ్చి, లుంగీ బనీనుతో అటకెక్కాను. ఆ గాజుపీచు ఎక్కడెక్కడ గుచ్చుకుందో రాయలేను గానీ, నాలుగు రోజులు కుర్చీలో కూర్చోకుండా నిలబడే భోంచేశాను. అత్తగారు అల్లుణ్ణి చూసి నవ్వకూడదని వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని, కూతురి చేత కొబ్బరినూనె గిన్నె పంపించారు. నూనె రాస్తే అది ఇంకా లోపలికి దిగింది. ఒంటిచేత్తో అన్నాను కదా, నిచ్చెన ఎదురింటి ముసలాయనది, దాన్ని కింద పట్టుకున్నదీ ఆయనే. కిటికీలకి ప్లాస్టిక్ షీట్లు బిగలాగి పట్టుకున్నది అత్తగారు, నేను స్టేపిల్ కొట్టానంతే. తలుపుల కింద సందులకి మా ఆవిడ నేతచీరలు పాముల్లా చుట్టి పెట్టినదీ అత్తగారే. ఇక చూడవచ్చిన ఊరు ఊరంతా ఎవరంటే, ఎటూ ఉత్తరాలివ్వడానికి రావలసిన పోస్ట్‌మనూ, ఎదురింటి కుక్కాను. ఆ ముసలాయన మాత్రం నిచ్చెన తీసుకుపోతూ, ఈ ఇంట్లో కూర్చుని చంద్రుడి మీదకి వెళ్ళే ఉద్దేశం ఏమైనా ఉందా అని అడిగాడు.

ఇంట్లో వేడి నిలబడింది. నిలబడనిదల్లా వీధి తలుపు. మా అత్తగారిది పొద్దున్న ముగ్గేసినప్పుడు తీసిన తలుపు దీపాలవేళ దాకా వెయ్యని అలవాటు. ఇక్కడ ముగ్గూ లేదు, పలకరించే మనిషీ లేడు, అయినా ఘడియకోసారి వెళ్ళి తలుపు తీసి, రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, నిట్టూర్చి వేసేవారు. తీసినప్పుడల్లా నేను కష్టపడి మూటగట్టిన వేడి అంతా బయటికి పోయేది. పిల్లనిచ్చిన అత్తగారు కదా, నేను ఆవిడని పల్లెత్తు మాట అనలేదు, దేవుడి మీద ఒట్టు. మా ఆవిడతోనో, లేకపోతే గోడతోనో చెప్పేవాణ్ణి. "తలుపు తీసినప్పుడల్లా పిల్ల ఒంట్లో వేడి పోతోందని మీ అమ్మగారికి చెప్పు. ఇదేం మీ ఇంటి వసారా కాదు. పిల్లకి ఏమైనా అయితే ఎవరిది పూచీ?" అన్నానొక సాయంత్రం, కొంచెం గట్టిగానే. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మర్నాటి నుంచి తలుపు తియ్యడం కూడా ఆగిపోయింది. చెప్పిన మాట చక్కగా అర్థం చేసుకున్నారని సంతోషించాను.

ఇక సాంబ్రాణి సంగతి. బాలింతకి తలంటి, చెవుల్లో దూది పెట్టి, జుట్టుకీ, పిల్లకీ సాంబ్రాణి పొగ వెయ్యకపోతే మన ఆడవాళ్ళకి ఆ స్నానం స్నానం కాదు. సాంబ్రాణి అత్తగారు పెట్టెలో తెచ్చుకున్నారు. నిప్పులకి మాత్రం గరాజ్‌లో ఎవరో వదిలేసి పోయిన బార్బెక్యూ బొగ్గులు దొరికాయి. వాటిని ఇనప బాణలిలో రాజేసి, పొగ వేశాక, ఆ నిప్పుల్ని మన ఊళ్ళల్లో అలవాటు ప్రకారం బాలింత మంచం కిందకి తోసేవారు, నడుముకి కాపడంలా ఉంటుందని. అక్కడి ఇళ్ళకి పెంకుల సందులున్నాయి, గవాక్షాలున్నాయి, తలుపులకి రెక్కలు సరిగ్గా పడవు. ఇక్కడ నేనున్నాను.

ఆ నిప్పులు ప్రాణాల మీదికి తెచ్చిన రోజు ఏం జరిగిందో నేను ఇన్నాళ్ళూ చెప్పిన కథ ఇది: నేను పనిచేసే ల్యాబ్‌లో మీటింగ్ మధ్యలో నా గుండె ఎందుకో గుబేలుమంది, కార్ గాల్లో తేలించుకుంటూ వచ్చాను, తలుపు కాలితో తన్నాను, సుత్తితో కిటికీ పగలగొట్టి ముగ్గుర్నీ మోసుకుని బయటికి తెచ్చాను. వినడానికి బాగుంటుంది. నిజమేమిటంటే, క్యాంటీన్‌లో పచ్చి ఆకులు తప్ప నాకేమీ దొరకవు కనక రోజూలాగే భోజనానికి ఇంటికి వచ్చాను. గుమ్మం బయట మెట్ల మీద, మంచులో, కాళ్ళకి చెప్పులైనా లేకుండా అత్తగారు కూర్చుని ఉన్నారు, పిల్ల ఆవిడ శాలువాలో. మా ఆవిడ స్తంభానికి ఆనుకుని వాంతి చేసుకుంటోంది. లోపల మంచం కింద నిప్పులు పొగైనా లేకుండా, ఎంతో ముచ్చటగా, ఎర్రగా వెలుగుతున్నాయి. వాటిని తెచ్చి మంచులో పారేశాను, అదొక్కటే నేను చేసిన ఘనకార్యం. కిటికీ పగలగొట్టిన మాట నిజమే, కాకపోతే అందరూ బయటపడ్డాక, గాలి కోసం తెరవబోతే, నేనే మూసిన కిటికీ నాకే తెరుచుకోక. ఆస్పత్రిలో మా ఆవిడకి ఆక్సిజన్ పెట్టారు. పిల్లని అట్టేపెట్టుకుని, మర్నాడు గట్టిగా ఏడ్చాక ఇచ్చారు. ఇంకాసేపు గనక లోపల ఉంటే అని మొదలుపెట్టి డాక్టరు ఆ మాట పూర్తిచెయ్యలేదు. అత్తగారు తల తిరగ్గానే ఇదేదో మంచిది కాదని పసిగట్టి, క్షణం ఆలస్యం చెయ్యకుండా ఇద్దర్నీ లాక్కుని బయటపడిన తెలివైన మనిషి. ఆవిడ పుణ్యమే మా అమ్మాయి.

అత్తగారు పోయి చాలాకాలమైంది. ఎదురింట్లో ఇప్పుడు ఎవరుంటారో నాకు తెలియదు. ఇప్పుడు మా ఇంట్లోకి గాలి కూడా ఫ్యాన్ లోంచి లెక్కగా వస్తుంది, లెక్కగా పోతుంది. గుమ్మానికి పెట్టిన కెమెరా వల్ల, అక్కడ ఎవరు నిలబడ్డారో మాకంటే ముందు కాపెల్‌లో మా అమ్మాయి ఫోన్‌లో కనపడుతుంది. వెచ్చగానే ఉంది. చలికి వణుకుతూ అటకలెక్కిన ఒళ్ళు ఈ వెచ్చదనానికి ఇంత అలిసిపోతుందని అనుకోలేదు. ఎవరో వస్తారని కాకుండా, ఊరికే, రోడ్డు చూడ్డానికి తలుపు తీసే మనిషి ఈ ఇంట్లోనే కాదు, ఈ వీధిలోనే ఎవరూ మిగల్లేదు.

ఇంతవరకూ రాసి, మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, ఒళ్ళో పెట్టుకుంది.

"క్షణం ఆలస్యం చెయ్యలేదని రాశారే, అది తప్పు. తల తిరుగుతోందే అంది అమ్మ. తలుపు తియ్యవే అమ్మా అన్నాను, నాకు లేచే శక్తి లేదు. అల్లుడుగారు భోజనానికొచ్చే వేళయింది, ఆయనొచ్చి ఆయనే తీస్తారులే అని గడియారం వంక చూస్తూ కూర్చుంది. మీరు గోడతో చెప్పానన్నారు, ఆ గోడ అవతల ఉన్నది అమ్మేనండీ. పిల్ల ఏడుపు ఆగిపోయాక గానీ గడియ మీద చెయ్యి వెయ్యలేదు. మీకు భయపడి."