క్యాసెట్ల అంగడి మూయించినాయన

ఆడికృత్తిక పండగ మరునాడు, ఉదయం పదీ ఇరవైకి, రేణిగుంట స్టేషన్ వెయిటింగ్ రూములో ఒకాయన ఫోన్‌లో సినిమా చూస్తూ నాతో మాట కలిపాడు.

"చిత్తూరులో ఫోన్ చిప్పుల్లోకి పాటలు ఎక్కించేవాణ్ణి పెద్దాయనా. ఎదురుగా క్యాసెట్ల అంగడి ఉండె. ఆర్నెల్లకే మూయించినా!"

ఆ అంగడి నాది. క్యాసెట్ల మీద పాటల పేర్లు రాయడానికే నలభయ్యో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఆ పండక్కి తిరుత్తణి కొండ మీద మొక్కు గుండు చేయించుకుని, మీసం కూడా తీయించాను కనుక అతను నన్ను పోల్చుకోలేదు.

"మరి నీ అంగడి?"

"ఇప్పుడు చిప్పు ఎవురికి కావాల? అంతా ఫోన్లోకే వస్తాండాది గదా. మూసేసినా."

అంతలో అతని ఫోన్ ఆరిపోయింది.

"అయ్యో, బండి వచ్చేస్తాండాది, టికెట్టు దీంట్లోనే ఉండాది! చార్జర్ ఉండాదా పెద్దాయనా?"

"లేదప్పా," అన్నాను.

ఆ గదిలో ఉన్నది ముగ్గురం: అతను, నేను, నా సంచిలోంచి వేలాడే చార్జర్ వైరు చూసి కూడా నోరెత్తని ఒక అవ్వ.