అటుదిటు మార్చి చూడండి, మేష్టారూ

ఇరవై రెండు రోజులుగా కంప్యూటర్లు బాగుచేసే ఆయనకి ఫోను చేస్తున్నాను. ఎత్తడం లేదు. మొదటి వారం రోజుకి నాలుగుసార్లు చేశాను. తర్వాత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు కార్డు వచ్చింది, దాని మీద సంతకం కూడా ఆయనదే. జవాబు మాత్రం రాలేదు.

జవాబు రాకపోవడం నాకు కొత్త కాదు. నీళ్ళ మోటారు గురించి మా అపార్టుమెంటు సంఘానికి రాసిన కాగితాల నకళ్ళు ఒక ఫైలు నిండా ఉన్నాయి. ఒక్కదానికీ బదులు లేదు. నేను డ్రాయింగు మేష్టారుగా పనిచేసిన బడిలో, పిల్లల బొమ్మలు గోడకి పెట్టుకోవడానికి ఒక గది ఇమ్మని అడిగితే, తల ఎత్తకుండా పేపరు చదువుకుంటూ కూర్చున్న హెడ్మాస్టరు ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు నాకిప్పటికీ గుర్తుంది. అలాంటివాళ్ళు మాట్లాడకపోతే నాకు కోపం వస్తుంది గానీ ఆశ్చర్యం ఉండదు. ఈయన అలాంటివాడు కాదు. పదకొండేళ్ళలో నా ఫోను ఎత్తకుండా ఉన్న రోజు లేదు. ఆదివారమైతే "చర్చిలో ఉన్నానండీ, అయ్యాక చేస్తాను" అని మెల్లగా చెప్పి, అన్నట్టే చేసేవాడు. ఆయన మళ్ళీ నాతో మాట్లాడాలి. ఇది రాయడానికి కారణం అదే.

ఆయనకి హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన కొట్టుంది. అటు టైర్ల షాపు, ఇటు టీ బంకు. పెద్ద కంపెనీలు పక్కన పడేసిన కంప్యూటర్లని లాట్లుగా కొని, బాగుచేసి అమ్ముతాడు. రిటైరయ్యాక నేనొక పని పెట్టుకున్నాను. మంగళగిరి నేతగాళ్ళ ఇళ్ళలో పాత చీరల అంచుల గ్రాఫులుంటాయి. పెన్సిలుతో గళ్ళ కాగితం మీద వేసినవి, మడతల దగ్గర చినిగిపోతున్నవి. వాటిని ముక్కలు ముక్కలుగా స్కాన్ చేసి, కంప్యూటర్లో అతికించి, గడి గడీ మళ్ళీ గీసి వాళ్ళకి తిరిగి ఇస్తాను. మామూలు కంప్యూటరు ఆ బొమ్మల బరువుకి ఆగిపోయేది. ఆ సంగతి చెబితే ఆయన కొట్టు వెనక్కి తీసుకెళ్ళి ఒక నల్లటి పెట్టె చూపించాడు. బియ్యం బస్తా అంత బరువు.

"దీంట్లో రెండు ప్రాసెసర్లు మేష్టారూ. అంటే ఇద్దరు కూర్చుని పనిచేస్తారు."

"ఒకళ్ళు అలిసిపోతే రెండోవాళ్ళా?"

"అబ్బే, గవర్నమెంటాఫీసు కాదండీ. ఇద్దరూ ఒకేసారి."

ఆ మిషను మీద నేను వంద అంచులకి పైగా గీశాను. ఎక్కడ ఆగినా ఆయనకే ఫోను.

బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్లోకి వచ్చిన ఏడు మేము కింది వాటాలో ఉన్నాం. మొట్టమొదట ఫోను చేసింది మా బంధువులెవరూ కాదు, ఆయన. "మిషను పైన పెట్టారా?" అన్నాడు. వెంటనే తనే సర్దుకుని, "ముందు మీరిద్దరూ మేడెక్కండి. మిషను సంగతి నాకొదిలేయండి" అన్నాడు. మేం ఎక్కాం. మిషను నీళ్ళలోనే ఉండిపోయింది. నీళ్ళు తీశాక ఆటో ట్రాలీ వేసుకుని వచ్చి, బురద కారుతున్న ఆ పెట్టెని తనే భుజానికెత్తుకుని తీసుకుపోయాడు. బోర్డంతా విప్పి, స్పిరిట్టుతో కడిగి, నీడలో ఆరబెట్టి, కరెంటు పెట్టె కొత్తది వేసి, పన్నెండో రోజున నడిచే మిషను తెచ్చిచ్చాడు. లోపల నా అంచులన్నీ ఉన్నాయి. మా ఆవిడ ఆయనకి కాఫీ ఇస్తూ ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ, కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుని నేనే కడిగాను. నాకు తెలిసిన మర్యాద అది.

ఇంత చేసిన మనిషిని నేనేమన్నానో చెప్పాలి.

ఈ మధ్య మిషను నెమ్మదిస్తోందని చెబితే, కొత్తది కొనొద్దన్నాడు. అదే బోర్డులో పట్టే, ఇంకా చురుకైన ప్రాసెసర్ల జత తన దగ్గరుందన్నాడు. రెండూ ఒకే రకం, ఒకే విడత, ఎందుకంటే జత కలవకపోతే బోర్డు ఒప్పుకోదు. పాతవి ఉండగానే బోర్డులోని బయోస్‌ని కొత్తది చేయమన్నాడు. స్విచ్చి వేయగానే మిషను మొదట చదువుకునే పాఠం అది. అందులో లేని ప్రాసెసరుని మిషను గుర్తుపట్టదు. ఆయన ఫోనులో చెబుతుంటే అది చేశాను. ఆయనే వచ్చి బిగిస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నలభై ఏళ్ళు సన్నని గీతలు గీసిన చెయ్యి నాది.

దసరాల్లో, ఆయుధపూజ నాడు మంచిదని ఆ రోజే కూర్చున్నాను. పాత ప్రాసెసర్లు తీశాను. మొదటి సాకెట్లో, అంటే ప్రాసెసరు కూర్చునే పిన్నుల గూట్లో, కొత్తది పెట్టి, వేడిని లాగే పేస్టు రాసి, పైన చల్లబరిచే దిమ్మ బిగించాను. రెండో సాకెట్టు మూత తెరిచాను. అప్పుడు మా ఆవిడ పళ్ళెంతో వచ్చింది.

"ఏవండీ, కత్తిపీటకీ, స్కూటరుకీ బొట్టు పెట్టాను. కొత్త వస్తువుకి బొట్టు లేకుండానే బిగించేస్తారా?"

నిజమే అనిపించింది. రెండో ప్రాసెసరుని తెరిచిన పెట్టె మీదే ఎడమచేత్తో పట్టుకుని, తడిపిన కుంకుమ ఉంగరం వేలితో తీసి, దాని రేకు మీద బొట్టు పెట్టాను. దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత పేస్టు అంటాలి కదా అని బొట్టు గుడ్డతో తుడిచి, సాకెట్లో పెట్టి బిగించాను.

స్విచ్చి వేస్తే ఫ్యాన్లు గోలగా తిరిగాయి, తెర నల్లగా ఉండిపోయింది, బీప్ బీప్‌మని అరిచింది. రెండోది తీసేస్తే మామూలుగా నడిచింది. పెడితే అరుపు. ఆయనకి ఫోను చేశాను.

"రెండో ప్రాసెసరుకి వేరే కరెంటు వైరుంటుంది, పెట్టారాండీ?"

"పెట్టాను."

"దాని పక్కన మెమరీ కార్డులు?"

"తీసి మళ్ళీ పెట్టాను."

"అయితే అటుదిటు మార్చి చూడండి మేష్టారూ. మొదటిదాన్ని రెండో సాకెట్లో, రెండోదాన్ని మొదటి సాకెట్లో. తప్పు ప్రాసెసరుదైతే దాంతోపాటు వెళ్తుంది. సాకెట్టుదైతే అక్కడే ఉంటుంది."

"మార్చాను. తప్పు మీ ప్రాసెసరుదే" అన్నాను.

మార్చలేదు. బిగించిన దిమ్మ విప్పి, పేస్టు తుడిచి, మళ్ళీ అంతా చేయడానికి బద్ధకం కాదు. నేను చేసింది సరిగ్గానే ఉందని నాకు ముందే తెలుసనుకున్నాను. అందుకని అబద్ధం ఆడాను. డెబ్బై ఏళ్ళ వయసులో, ఒక రేకు ముక్క గురించి.

ఆయన అవతల ఒక్క క్షణం ఆగాడు. "సరేనండీ, ఇంకోటి పంపుతాను" అన్నాడు. బస్సు పార్సిల్లో వచ్చింది. అదీ అరిచింది. రెంటినీ వెనక్కి పంపితే ఇంకోటి పంపాడు. అదీ అరిచింది. మూడోది చేతిలో పట్టుకుని నేనే బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్ళాను.

కొట్టులో నలుగురు కొనేవాళ్ళున్నారు. ఆయన నన్ను చూసి కుర్చీ లాగాడు. నేను కూర్చోలేదు.

"మూడు ప్రాసెసర్లు పాడవవు కదా. అంటే బోర్డు పాడైంది. ఎవరు పాడుచేశారు? ఆ నీళ్ళప్పుడు మీరు కడిగారే, అప్పుడే పాడుచేశారు. చెత్త కొని చెత్త అమ్మేవాళ్ళ చేతికి వస్తువివ్వడం నా బుద్ధి తక్కువ."

కొనేవాళ్ళలో ఒకాయన తను చూస్తున్న లాప్‌టాప్‌ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. ఈయన గొంతు పెంచలేదు. "మేష్టారూ, అటుదిటు మార్చి చూశారా? నిజం చెప్పండి" అన్నాడు.

"నన్ను అబద్ధాలకోరంటారా!" అని అరిచి, చేతిలోని ప్రాసెసరుతోనే వచ్చేశాను.

కేసు పెడదామనుకున్నాను. సాకెట్టు పాడైనట్టు ఫొటో కావాలి. పిన్నులు కంటికి ఆనవు. అందుకని బోర్డు విప్పి, తువ్వాల్లో చుట్టి, వన్ టౌన్‌లో గడియారాలు బాగుచేసే సాయిబు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఉద్యోగంలో చేరినప్పటి నా వాచీకి ఇప్పటికీ ఆయనే వైద్యుడు. కంటికి బిగించుకునే అద్దం ఆయన దగ్గరుంది.

"ఎన్ని పిన్నులు మాస్టారూ ఇందులో?"

"వెయ్యి పైన."

"యా అల్లా! వాచీకి మూడు ముళ్ళ లెక్కన నాకు ఏడాది పని." అద్దం పెట్టుకుని వంగాడు. బోర్డుని కొంచెం కొంచెంగా తిప్పుతూ చూశాడు. తర్వాత తల ఎత్తకుండానే, "ఇంట్లో కుంకుమ నిండుకుంటే చెప్పండి. ఇక్కడ కొంచెం దాచారు" అన్నాడు.

నాకర్థం కాలేదు. అద్దం తీసి నా చేతికిచ్చాడు. పచ్చటి పిన్నులు నాటు వేసిన మడిలో వరసల్లా ఉన్నాయి. ఒక మూల నాలుగైదు పిన్నుల తలల మీద ఎర్రటి పెళ్ళ, ఎండి, అతుక్కుని ఉంది. ప్రాసెసరుకీ ఆ పిన్నులకీ మధ్య నా వేలి నుంచి రాలిన బొట్టు.

"ఫొటో తీయమన్నారుగా. తీయనా?"

"వద్దు."

"కేసు ఎవరి మీద?"

"హనుమాన్ జంక్షన్ ఆయన మీద."

"ఆయనేం చేశాడు పాపం, బొట్టు పెట్టాడా?"

"నేను పెట్టాను."

"అయితే రెండువైపులా మీరే. ఒక్క లాయరు సరిపోతాడు."

ఇంకెవరైనా ఆ మాట అనుంటే ఇవాళ్టికీ మర్చిపోయేవాణ్ణి కాదు. ఆయన అంటూనే పని మొదలుపెట్టాడు. కుంచెలో నాలుగు వెంట్రుకలు మాత్రం ఉంచి మిగతావి కత్తిరించాడు. స్పిరిట్టులో ముంచి, ఒక్కో పిన్ను తలనీ తాకీ తాకకుండా తుడిచాడు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. వంగిన ఒక పిన్నుని సూదితో నిలబెట్టాడు. వచ్చినవాళ్ళందరినీ "రేపు రండి" అని పంపించేశాడు. నేను పక్కనున్న స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా బడిలో తప్పు చేసిన పిల్లలు అలాగే కూర్చునేవాళ్ళు. అంత ఓపికగా నా తప్పుని ఎవరూ ఎప్పుడూ తుడవలేదు.

ఇంటికొచ్చి అన్నీ బిగించాను. ఈసారి అటుదిటు మార్చే పెట్టాను. స్విచ్చి వేశాను. అరుపు లేదు. తెర మీద రెండు ప్రాసెసర్లూ, మెమరీ మొత్తమూ కనిపించాయి. అరగంట పట్టే అంచు అతుకు ఎనిమిది నిమిషాల్లో అయింది. మా ఆవిడ వెనకనుంచి చూస్తూ, "ముందు ఆయనకి ఫోను చేయండి" అంది. చేశాను. అప్పటినుంచే ఎత్తడం లేదు.

నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని మళ్ళీ హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. లాటు చూడడానికి ఊరెళ్ళాడని ఆయన భార్య చెప్పింది. నిజమో కాదో నేనడగలేదు. బోర్డు కడగడంలో ఆయన తప్పేమీ లేదనీ, తప్పు నాదేననీ, అటుదిటు మార్చానని అబద్ధం చెప్పాననీ అక్కడున్న ముగ్గురికీ గట్టిగా చెప్పాను. ఒకాయన "కూర్చోండి, మంచినీళ్ళు తాగండి" అన్నాడు. ఆవిడ మాత్రం అంతా విని, "చెబుతానండీ" అంది.

చెప్పే ఉంటుంది. ఉత్తరంలోనూ అదే రాశాను. ఇక మీతోనే నేరుగా అంటున్నాను. నేను అడిగేది క్షమించమని కాదు, అది మీ ఇష్టం. బస్సులో తిరిగొస్తూ నాకొక సంగతి తోచింది. నేను వెనక్కి పంపిన ప్రాసెసర్లని మీరు మీ మిషన్లో పెట్టి చూసే ఉంటారు. అవి బాగానే నడిచి ఉంటాయి. అంటే నేను మార్చి చూడలేదని మీకు తెలుసు. బహుశా మొదటి రోజు ఫోనులో ఆ క్షణం ఆగినప్పుడే తెలుసు. తెలిసే, నా ముఖం మీద అనకుండా, ఒకదాని వెనక ఒకటి పార్సిళ్ళు పంపారా? నా అంతట నేనే చూసుకుంటానని ఎదురుచూశారా?

ఇన్నేళ్ళలో నేనడిగిన ప్రతిదానికీ మీరు జవాబు చెప్పారు. దీనికీ చెప్పండి. అవునో కాదో, ఒక్క మాట. రేపు పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ చేస్తాను. ఎత్తండి.