పరీక్ష కోసం ఆపిన మనిషి

ఇన్నేళ్లూ నన్ను అందరూ మంచి డాక్టరంటూ వచ్చారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను మాట మార్చేసేవాణ్ణి. అలా ఎందుకు చేస్తానో మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో సంగతి. వైద్య కళాశాల ఉన్న ఒక పెద్దాసుపత్రిలో నేను హౌస్ సర్జన్ని. పత్తి చేల నుంచీ మిరప కళ్లాల నుంచీ జనం బళ్లు కట్టుకుని, రైళ్లెక్కి మా దగ్గరికే వచ్చేవారు. మందులు ఉచితం, పాలూ రొట్టే ఉచితం. మంచాలు చాలక వరండాల్లో చాపలు వేసేవాళ్లం. వాళ్ల రోగాలు చూసే మేం వైద్యం నేర్చుకున్నాం. అందులో తప్పేముంది? తప్పు నేను చేసిన పనిలో ఉంది.

మస్తాన్ చీరాల దగ్గరి పల్లెలో దూదేకే మనిషి. ఆయాసంతో వచ్చి, మందులకు తేరుకున్నాడు. అతని గుండెలో ఒక చప్పుడుండేది. నిన్నగాక మొన్న స్టెతస్కోపు పట్టినవాడికి కూడా తేటగా వినపడేది. ఫైనల్ పరీక్షలో విద్యార్థులకు చూపించడానికి అంతకన్నా మంచి రోగి దొరకడు. పరీక్షకు రోగుల్ని సిద్ధం చేసే పని ప్రొఫెసరు గారు నాకు అప్పజెప్పారు. ఆయన మెచ్చుకుంటే నాకు అక్కడే ఉద్యోగం.

"మంచి కేసయ్యా, జారిపోనివ్వకు," అన్నారు.

పరీక్ష దగ్గర పడుతుండగా మస్తాన్ అన్న వచ్చాడు. చెమటలు కక్కుతూ, తమ్ముడి మంచం దగ్గరే నా ముందు నిలబడ్డాడు.

"అమ్మకి బాగోలేదండి. మస్తానూ, మస్తానూ అని ఒకటే కలవరింత. ఒక్కసారి పంపండి బాబూ, చూపించి మళ్లీ నేనే తీసుకొస్తా."

పంపితే తిరిగొస్తాడా? ఆవిడ పోతే ఆ పనులన్నీ అయ్యేదాకా అక్కడే ఉండిపోతే? తల్లి చావబోతోందంటే నేను ఆలోచించింది ఇదీ. ఛీ!

"కదిలితే గుండె ఆగిపోద్ది. తర్వాత నన్నడగొద్దు," అన్నాను.

పచ్చి అబద్ధం. రైల్లో కూర్చుని నిక్షేపంగా వెళ్లి రావచ్చు.

"భుజాన వేసుకుని తీసుకుపోతా, రారా," అన్నాడు అన్న. మస్తాన్ నా మొహంలోకి చూశాడు. "డాక్టరు బాబు వద్దంటన్నారుగా, అన్నా," అన్నాడు.

పరీక్షలు బ్రహ్మాండంగా జరిగాయి, నా ఉద్యోగం ఖాయమైంది. అప్పటికే వాళ్లమ్మను మట్టి చేశారు.

కొన్నాళ్లకు మస్తాన్ మళ్లీ వచ్చాడు. తానే ఏకిన దూదితో కుట్టిన తలగడ నా చేతిలో పెట్టాడు. "మా అన్న నాతో మాటలు మానేశాడండి. అమ్మకన్నా నీకు ప్రాణమే తీపైందిరా అన్నాడు. అననివ్వండి. మీరు ఆపబట్టే గదా ఇట్టా బతికున్నా!"

అప్పుడన్నా చెప్పొచ్చుగా? ఒక్క మాటతో అన్నదమ్ములు కలిసేవారు. ఉద్యోగం పోతుందని భయమా, ఆ మనిషి కళ్లలో చులకనైపోతానని భయమా? రెండూనేమో. "మందులు మానకు," అన్నాను. తలగడ తీసుకున్నాను కూడా.

తర్వాత మస్తాన్ పోయాడని తెలిసింది. అన్న చివరికైనా మాట్లాడాడో లేదో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. వాళ్లన్నకు చెప్పాల్సిన మాట ఇది, మీకు చెబుతున్నాను: మస్తాన్ ప్రాణానికి భయపడి ఆగిపోలేదు. నేను ఆపాను. ఈ మాట పైకి అనడం ఇదే మొదలు. కాస్త ఊపిరాడుతోంది.