శుక్రవారం చూసిన ఇల్లు

నేను కరీంనగర్ దగ్గర ఓ బడిలో పంతులమ్మను. ఇళ్ళ బేరాలు నాకు తెలియవు. అయినా మొన్న ముంబయి దగ్గరి భివండికి ప్రయాణం పెట్టుకోవాల్సి వచ్చింది. మా అక్క మేరమ్మ ఫోన్ చేసి, "ఇల్లు దొరికిందే రూతూ. బయానా ఇచ్చేనాడు నువ్వుండాలె. కాయితాలు సదివేటోళ్ళు మా ఇంట్ల లేరు" అంది. అక్కా, మా బావ దానియేలూ ఇరవై రెండేళ్ళుగా ఆ ఊళ్ళో అద్దె గదుల్లోనే బతుకుతున్నారు. బావ సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. ఆ చప్పుడుకు ఆయన చెవులు సగానికి పైగా పోయాయి. వాళ్ళు ఏ గదికి మారినా పక్కన సాంచాలే. పగలంతా ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టే అక్కకు తలనొప్పి అలవాటైపోయింది. సాంచా చప్పుడు వినబడని ఇల్లు కొంటానని పెళ్ళైన కొత్తలో బావ మాటిచ్చాడు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ మరిచిపోలేదు.

మీలో ఎవరైనా అటు వెళ్ళేవాళ్ళుంటే దారి చెబుతాను. సికింద్రాబాదులో మధ్యాహ్నం బండెక్కితే మర్నాడు పొద్దున ఆరు దాటాక కల్యాణ్ వస్తుంది. స్లీపర్ టికెట్ ఐదువందల లోపే. ముంబయి దాకా పోయి వెనక్కి రావడం దండగ, కల్యాణ్‌లోనే దిగండి. స్టేషన్ బయట భివండిలోని ధామన్కర్ నాకా కూడలికి షేర్ ఆటోలుంటాయి, మనిషికి నలభయ్యో యాభయ్యో. నన్ను తెచ్చిన డ్రైవరు దారంతా ఆరా తీశాడు. మా వాళ్ళు సాంచాల్లో పనిచేస్తారని చెప్పగానే, చుట్టాలంతా శుక్రవారం వస్తుంటే మీరు గురువారం దిగారేమిటని హిందీలో ఆశ్చర్యపోయాడు. అక్కడ సాంచాలకు వారపు సెలవు శుక్రవారం. నా తిరుగు టికెట్ శుక్రవారం పొద్దున్నే కాబట్టి బావ ఆ గురువారం పనికి నాగా పెట్టాడు. నాగా పెడితే ఆ రోజు కూలి ఉండదు.

శాంతి నగర్‌లో వాళ్ళ గదికి చేరేసరికి ఎనిమిదైంది. అక్క చేసిన ఉప్మా తిని, పదకొండింటికి ముగ్గురం ఆటోలో పాత ఊరివైపు బయలుదేరాం. దారిలో బావ చెవిటివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో ఇంటి సంగతి చెప్పాడు. "మూడు శుక్రారాలు సూసినం. నా చెవులు నమ్మరాదని మీ అక్కను తీస్కపోయిన. గంటసేపు కూసోని ఇన్నది. చీమ చిటుక్కుమన్నా ఇనవడ్తదన్నది" అన్నాడు. ఆయన మొహంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు.

ఆ గల్లీ చేతిమగ్గాల కాలం నాటిది. రెండు వైపులా కలిపి ఇరవై ఇళ్ళు కూడా ఉండవు. పెంకుల కప్పులు, నున్నబడిన చెక్క స్తంభాలు, ఇంటి ముందు రాతి అరుగులు. భివండిలో ఇలాంటి చోటు ఉందని నేననుకోలేదు. అక్కడ మాకోసం కాచుకున్న ఇళ్ళ దలాల్ తాళంచెవి బావ చేతికిచ్చి, పన్నెండింటికి కాగితాలతో వస్తానని వెళ్ళిపోయాడు.

తలుపు తీసి లోపలి గదిలోకి వెళ్ళగానే వినబడింది. వెనక గోడ అవతల సాంచాలు నడుస్తున్నాయి. ఆ షెడ్డు గుమ్మం వెనక గల్లీలోకి ఉండడంతో ఇటునుంచి దాని జాడే తెలియదు. అక్క ఉన్నచోటే నిలబడిపోయింది. నా వైపు చూసి, ఆయనకు చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. బావేమో కిటికీ కింద కుట్టు మిషన్ ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు. "మంచిగున్నది" అంది అక్క, ఆయనకు వినబడేలా గట్టిగా. నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు విప్పలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మా ఇళ్ళలో ఒక పద్ధతుంది. బయానా ఇచ్చే ముందు ఆ ఖాళీ ఇంట్లో మోకరించి ప్రార్థన చేస్తాం. ముగ్గురం బండల మీద మోకాళ్ళూనాం. బావ గట్టిగా ప్రార్థన మొదలుపెట్టి, రెండు మాటలకే ఆగిపోయాడు. నేల మీద అరచేతులు ఆనించాడు. తర్వాత మోకాళ్ళ మీదే జరిగి గోడ మీద చెయ్యి పెట్టాడు. పెళ్ళికి ముందునుంచీ ముప్పై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడిన మనిషికి ఆ అదురు ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"నీకు ఇనవడ్తుందా?" అని అక్కను అడిగాడు.

"అంత లేదు."

"మేరీ, ప్రార్థనల ఉన్నం."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇనవడ్తుంది. అయినా కొందాం. ఎన్నేండ్లని తిరుగుతవు? నీ కాళ్ళు పోతున్నయి."

"నాకు ఇనవడది. నేను యాడనన్న ఉంట. నీకు ఇనవడని ఇల్లు కొంటనన్న. గా ఇల్లు ఇది గాదు."

మళ్ళీ కళ్ళు మూసుకుని, ఈ ఇంట్లో ఉండబోయేవాళ్ళు ఎవరైనా వాళ్ళ తలలు చల్లగా ఉండాలని ప్రార్థన ముగించాడు. దలాల్ వస్తే తాళంచెవి ఇచ్చేశాడు. మూడుసార్లు వచ్చి వెనక ఏముందని ఒక్క మాటైనా అడగలేదే అని దలాల్ నొచ్చుకున్నాడు. అదీ నిజమే.

మోసం ఎవరూ చెయ్యలేదు. సాంచాల మనుషులకు ఇల్లు చూడ్డానికి తీరిక దొరికేది సాంచాలు ఆగిన రోజునే, ఆ రోజు ఊరంతా నిశ్శబ్దంగానే ఉంటుంది. ఇకమీద చూసే ప్రతి ఇంటికీ బావ ఒక నాగా పెట్టాలి. పెడతానన్నాడు. ఆయన వయసు యాభై దాటింది, దొరుకుతుందో లేదో నాకు తెలియదు. కల్యాణ్‌లో తిరుగు బండెక్కాక కూడా చాలాసేపు ఏడుస్తూనే ఉన్నాను. ఇల్లు పోయినందుకు మాత్రమే కాదు. ఒకరికోసం ఒకరు ఇంతగా ఓర్చుకునేవాళ్ళకు నాలుగు గోడలు దొరక్కపోవడం అన్యాయమనిపించింది.

మీరూ అటువైపు ఇల్లు చూసుకుంటుంటే నాదొక సలహా. పనిరోజున వెళ్ళండి, లోపలి గదిలో పావుగంట ఊరికే కూర్చోండి. వెంట వచ్చినవాళ్ళు బాగుందంటే, ఆ మాట అన్నప్పుడు వాళ్ళ మొహం చూడండి.