తాటిపాక ఎడ్ల ఆసుపత్రిలో మధ్యాహ్నం డ్యూటీ

మూగజీవాల సంరక్షణలో ఉద్యోగం ఎలా దొరుకుతుంది, ఏం చదవాలి, ఎవరిని కలవాలి అని అడిగే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. కోనసీమ చూడాలి, ఏ దారిన వెళ్తే బాగుంటుంది అని అడిగేవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. ఈ రెండు ప్రశ్నలకూ నా దగ్గర ఉన్న జవాబు ఒకటే, ఒక ప్రయాణం. ఎనభై మూడో, ఎనభై నాలుగో సరిగ్గా గుర్తులేదు. బి.ఎస్సీ. పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న వేసవి అది. అప్పట్లో మేం రామచంద్రపురంలో ఉండేవాళ్ళం. నాన్నగారు మిషను స్కూల్లో టీచరు. నేను బి.ఎడ్. చేసి తనలాగే పాఠాలు చెప్పాలని ఆయన కోరిక. నేనేమో పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారి వెనక తిరిగి ఆయన ప్రాణం తోడేస్తుండేదాన్ని. తాటిపాక దగ్గర రిటైరైన నర్సు ఒకావిడ కుంటిపడ్డ ఎడ్లకూ ముసలి ఎడ్లకూ ఆశ్రయం నడుపుతోందనీ, చదువుకున్న మనిషి కోసం చూస్తోందనీ, జీతం కూడా ఇస్తుందనీ ఆ కాంపౌండరు గారే ఒకరోజు చెప్పారు.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే నాన్నగారు కంచం ముందునుంచి లేచిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత అమ్మ పోరు పడలేక దిగొచ్చారు. “ఒక్కసారి తీసుకెళ్తాను. చూసొచ్చేక ఈ ఊసు మళ్ళీ ఎత్తకూడదు. వచ్చే వారం బి.ఎడ్.కి అప్లికేషను పెడుతున్నావు” అన్నారు. సరేనన్నాను. అనక చేసేదేముంది? ఆ ఒక్క రోజులో నాన్నగారి మనసు మారకపోతే నేను జీవితాంతం నల్లబల్ల ముందు నిలబడాల్సిందేనని నాకు తెలుసు. నాకు పాఠాలు చెప్పే ఓపిక లేదు, పిల్లల అదృష్టం బాగుంది కాబట్టి బతికిపోయారు.

పొద్దున్నే మొదటి బస్సు ఎక్కితే ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి గంట ప్రయాణం. అక్కడినుంచి గోదావరి దాటాలి. రెండు పడవలు జతచేసి మీద బల్లలు పరిస్తే అదే పంటు. మనుషులు, సైకిళ్ళు, మేకలు, అరటి గెలలు, పెళ్ళివారి బిందెలు అన్నీ దానిమీదే. వేసవి కాబట్టి నీళ్ళు వెనక్కి తగ్గి, ఇసుకలో చాలా దూరం నడిస్తే గాని పంటు అందలేదు. ఇస్త్రీ పంచె మడమలపైకి పట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని, ఎవరిమీదో కోపమొచ్చినట్టు నడిచారు నాన్నగారు. ఆ ఎవరో నేనే కాబట్టి వెనకే బుద్ధిగా నడిచాను. ఎంతసేపు పడుతుందని పంటు నడిపే ఆయన్ని అడిగాను. “ఏరు ఒప్పుకుంటే అరగంటండి. ఒప్పుకోకపోతే దానిష్టమండి. మాస్టారండీ, తవరు కాస్త మధ్యకి రండి, అంచునుంటే మేకలు తోసేస్తాయండి” అన్నాడు. ఆ రోజు ఏరు ఒప్పుకుంది. ముక్తేశ్వరంలో దిగేసరికి బస్సు సిద్ధంగా ఉంది. ఎనిమిదిన్నరకల్లా అమలాపురం చేరాం.

అమలాపురం బస్టాండు పక్క హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. అల్లం పచ్చడి అడక్కుండానే మళ్ళీ మళ్ళీ వేశారు. “ఇంకోటి వెయ్యమంటారాండి? ఇంతదూరం వచ్చి ఒక్కటితో లేచిపోతే మాకు మాటొస్తుందండి” అని వంటాయన పెనం దగ్గర్నుంచే కేకేశాడు. నాన్నగారు చెయ్యి అడ్డం పెట్టారు, నేను పెట్టలేదు. ఖర్చు గురించి అడిగేవాళ్ళ కోసం చెప్తున్నాను, బస్సులూ పంటూ టిఫినూ కలిపి ఇద్దరికీ రానూపోనూ పాతిక రూపాయల్లోపే అయింది. ఇప్పుడా డబ్బుకి ఆ పచ్చడి కూడా రాదు.

అమలాపురంనుంచి రాజోలు బస్సు అంబాజీపేట మీదుగా వెళ్తుంది. రోడ్డుకి రెండువైపులా కొబ్బరికాయల రాశులు, వాటిని వలిచే చప్పుడు. ఆ తర్వాత గన్నవరం అక్విడక్టు వస్తుంది. కింద గోదావరి పాయ, పైన కాలువ, ఆ కాలువ పక్కనే మన బస్సు. మొదటిసారి చూసేవాళ్ళకు ఇది నమ్మబుద్ధి కాదు. కిటికీ పక్కనే కూర్చోండి. నేను మాత్రం ఆ రోజు దాన్ని సరిగ్గా చూడలేదు, ఎందుకంటే నాన్నగారు సరిగ్గా అక్కడే నోరు విప్పారు.

“మీ తాత ఈ సీమలోనే పాలేరు. కొత్తపేట దగ్గర” అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. తాతయ్య పొలం పనులకు వెళ్ళేవాడని తెలుసుగాని, ఆ సంగతి ఆయన నోట అంత వివరంగా నేనెప్పుడూ వినలేదు. “ఏడాదికి కుదుర్చుకునేవారు. పగలు పొలం, రాత్రి పశువుల పాకలోనే పడక. ఆసామి గారింట్లో పాలుతాగే పిల్లలు కూడా ‘ఒరే’ అనేవారు. నన్ను బళ్ళో ఎందుకేసేడనుకున్నావు? నా చేతికి పేడ అంటకూడదని. ఇప్పుడు నువ్వు డిగ్రీ చదివి వెళ్ళి ఆ పాకలోనే దూరతానంటున్నావు.”

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అయినా ఆ మాటకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నాకు ఆ పని కావాలనిపించడంలోనూ తప్పు కనిపించలేదు.

తాటిపాకలో ఆయిల్ కంపెనీ లారీలు దుమ్ము రేపుతున్నాయి. రిక్షా మాట్లాడుకోబోతే మేం చోటు పేరు చెప్పకముందే ఆ అబ్బాయి పట్టేశాడు. “సిస్టరు గారి ఎడ్ల ఆసుపత్రికేనాండి? ఆయ్, ఎక్కండి. మా మావయ్యగారి ఎద్దు అక్కడే ఉందండి. మనకి జొరమొస్తే అంత బాగా చూసేవోళ్ళు లేరండి.” కాలువగట్టు వెంట కొంతదూరం వెళ్ళాక కొబ్బరితోట మధ్యలో పొడవాటి తాటాకు పాకలు కనిపించాయి. నేల అద్దంలా ఊడ్చి ఉంది. గుమ్మం దగ్గర సున్నం చల్లి ఉంది. మామిడిచెట్టు కొమ్మకి రైలుపట్టా ముక్క గంటగా వేలాడుతోంది. దున్ని, బళ్ళు లాగి, ఇంక పనికిరావని తేలాక కబేళాకి పోవాల్సిన ఎడ్లు పాతికకు పైగా అక్కడ నీడన నెమరేసుకుంటూ పడుకున్నాయి.

ఆ రిటైరైన నర్సు రూతమ్మ గారు పొట్టిగా, తెల్లచీరలో, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఎదురొచ్చారు. నమస్కారాలు అయ్యీ అవకముందే నా చేతులు అందుకుని చూశారు. “ముందు గోళ్ళు కత్తిరించుకోమ్మా” అన్నారు. నాకు ఆవిడ ఆ క్షణంలోనే నచ్చేశారు. నర్సుగా ఎన్నో ఏళ్ళు మనుషులకు చేసిన సేవని, తన పింఛనుతో, రెండెకరాల కొబ్బరి రాబడితో, చుట్టుపక్కల రైతులిచ్చే గడ్డితో ఎడ్లకు చేస్తున్నారు. అంతా ఆసుపత్రి పద్ధతే. ప్రతి ఎద్దు దగ్గరా ఆగి, పొద్దుటి డ్యూటీలో ఉన్న పెద్దాయన్ని అడిగి తెలుసుకుంటున్నారు. “ఏసోబు గారూ, వీడు నీళ్ళు తాగేడాండి? వాపు తగ్గిందా?” ఏసోబు గారు లుంగీ పైకి కట్టుకుని, పెద్ద డాక్టరులా తల పంకించి జవాబు చెప్తున్నారు.

కాడి ఒరుసుకుని మెడమీద పుండుపడి పురుగులు పట్టిన ఎద్దు ఒకటి ఆ ఉదయమే వచ్చింది. రూతమ్మ గారు నా చేతికి పట్టకారు ఇచ్చి, తను ఎద్దు తల పట్టుకున్నారు. వాసనకి కళ్ళు తిరిగాయి. అయినా ఒక్కొక్క పురుగునీ తీసి, టర్పెంటైను నూనె పూసి, శుభ్రం చేసి వదిలాను. చివరికి ఆ ఎద్దు పెద్దగా ఊపిరి వదిలి మెడ వాల్చింది. నాకు అంత ఆనందం అంతకుముందు ఏ పరీక్ష పాసయినప్పుడూ కలగలేదు. తలెత్తి చూస్తే నాన్నగారు చెట్టుకింద నిలబడే ఉన్నారు. వేసిన బల్లమీద కూర్చోలేదు కూడా.

“మధ్యాహ్నం డ్యూటీకి మనిషి కావాలండి మాస్టారూ. ఇన్నాళ్ళూ అదీ నేనే చేసేను, ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. అమ్మాయి నాతోపాటే మా ఇంట్లో ఉంటుంది” అన్నారు రూతమ్మ గారు. నాన్నగారు మర్యాదగానే చెప్పారు. “మా ఇంట్లో పశువుల దగ్గర చాకిరీ మా నాన్నతో సరండి.” ఆవిడ నా తరఫున వాదిస్తారని ఆశపడ్డాను. ఆవిడ వాదించలేదు. “మా నాన్న కూడా పాలేరేనండి” అని మాత్రం అన్నారు. “భోంచేసి వెళ్దురుగాని రండి.” చింతచిగురు రొయ్యలు, మామిడికాయ పప్పు. అంత బాధలోనూ రెండుసార్లు వడ్డించుకున్నాను.

మేం చేతులు కడుక్కుంటుండగా గేటు దగ్గర కేక వినిపించింది. “ఒరే ఏసోబూ! ఎక్కడ చచ్చేవురా? రా, దీన్ని పట్టుకో!” పక్క ఊరి ఆసామి, తెల్లటి లాల్చీ, వెనక మూడు కాళ్ళమీద కుంటుతూ బూడిదరంగు మైలెద్దు, మంచిది. నాన్నగారి ముఖం నల్లబడింది. ఆ కేక ఆయన చిన్నప్పుడు విన్న కేకే అయ్యుంటుంది.

రూతమ్మ గారు తాపీగా వెళ్ళి ఎద్దు పలుపు అందుకున్నారు. “ఎద్దు లోపలికొస్తుందండి. తవరు మాత్రం గేటవతల ఉండాలండి.”

“అదేంటండి సిస్టరు గారూ?”

“డ్యూటీలో ఉన్నవోళ్ళని ఇక్కడ ‘గారు’ అనాలండి. అనలేనివోళ్ళు బయటే ఉంటారు. దానికేం, వైద్యం మామూలుగానే జరుగుతుందండి.”

ఆసామి ముఖం ఎర్రబడింది. వెనక్కి తిరిగి పోతాడనుకున్నాను. కాని ఏసోబు గారు ఎద్దుని నాలుగడుగులు నడిపించేసరికి అది మొరాయించి, మెడ వెనక్కి తిప్పి, తన మనిషి కోసం అరవడం మొదలెట్టింది. గేటవతల ఆయనకి కాలు నిలవలేదు. కడుపున పుట్టినవాణ్ణి ఆపరేషనుకి తీసుకెళ్తుంటే చూస్తున్నట్టు చూశాడు. “ఏసోబు...” అన్నాడు, ఆగాడు. “ఏసోబు గారూ, నేను పక్కన లేకపోతే అది నిలవదండి. నన్ను రానివ్వండి.”

“రండి” అన్నారు ఏసోబు గారు, అంతే మామూలుగా.

ఆసామి ఎద్దు తల పట్టుకున్నాడు, ఏసోబు గారు కాలెత్తి గిట్టలోంచి విరిగిన మేకు బయటికి లాగారు. కట్టు కట్టడం ఇంకా మిగిలి ఉండగానే రూతమ్మ గారు వెళ్ళి పట్టాముక్క మీద గంట కొట్టారు. రెండయింది, పొద్దుటి డ్యూటీ దిగే వేళ. ఏసోబు గారు ఎద్దు కాలు నా చేతికి అప్పగించి, “మేకు వచ్చేసిందమ్మా, చీము లోపలుంది, గోరువెచ్చటి నీళ్ళతో కడగాలి” అని చెప్పి లేచారు. సబ్బుతో చేతులు కడుక్కున్నారు, చొక్కా తొడుక్కున్నారు, చెప్పులేసుకున్నారు. “వస్తానండీ మాస్టారూ. ఇంటికెళ్ళి ఓ కునుకు తీస్తాను” అంటూ ఆసామి పక్కనుంచే నడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయారు. నేను చీము కడిగి కట్టు కడుతున్నాను. నాన్నగారు నన్ను చూడడం లేదు. గట్టుమీద ఏసోబు గారి చొక్కా కనుమరుగయ్యేదాకా ఆయన్నే చూస్తున్నారు.

చాలాసేపటికి బల్లమీద కూర్చున్నారు. “సిస్టరు గారూ, నెలకి సెలవలెన్నండి?” అని అడిగారు, స్కూలు ఇన్‌స్పెక్టరు గొంతుతో.

“నాలుగండి. ఆదివారం చర్చి వేళకి ఎలాగూ పంపిస్తాను.”

“జ్వరమొస్తే?”

“డ్యూటీ ఉండదండి.”

“ఇంట్లో ఎవరైనా పోతేనండి?”

రూతమ్మ గారు కళ్ళజోడు తీశారు. “మనసు కుదుటపడ్డాకే రమ్మంటామండి. రోజులు లెక్కపెట్టం.”

నాన్నగారు తల దించుకున్నారు. “మా నాయనమ్మ పోయిననాడు మా నాన్న ఆసామి గారి గేదెల్ని కడిగి, పాలు పితికిచ్చేకే వచ్చేడండి. అప్పటికి మట్టి కూడా చేసేసేరు” అన్నారు. తర్వాత ఆయన గొడుగు అందుకుని లేచారు. “మా అమ్మాయిని ఎప్పట్నుంచి రమ్మంటారండి?”

చివరి పంటు అందుతుందో లేదోనని పరుగులు పెట్టి, పొద్దువాలేలోపు ఏరు దాటాం. తర్వాతి వారమే నేను తాటిపాకలో చేరాను. చాలా ఏళ్ళు అక్కడే పనిచేశాను. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గాక, రూతమ్మ గారు కన్నుమూశాక, నగరాల్లో కుక్కల ఆశ్రయాలకూ గోశాలలకూ మారాను. ఇప్పుడక్కడ పాకలు లేవు, కొబ్బరిమొక్కలే ఉన్నాయి. జంతువులంటే ప్రేముంటే ఈ పనికి సరిపోతుందా అని పిల్లలు అడుగుతారు. ప్రేమ చాలామందిలో చూశాను. దాన్ని నమ్ముకుని మనుషుల్ని పగలూ రాత్రీ పిండేసే ఆశ్రయాల్నీ చూశాను. అలాంటిచోట ముందు మనిషికి విసుగెత్తుతుంది, ఆ తర్వాత ఆ విసుగు మూగజీవి వీపుమీద పడుతుంది. పనిచేసేవాణ్ణి గౌరవంగా ఇంటికి పంపిన చోటే ఎద్దుకి కూడా గౌరవం దక్కిందని నేను రూతమ్మ గారి దగ్గర నేర్చుకున్నాను. నాన్నగారు పోయినప్పుడు నేను తాటిపాకలోనే పనిచేస్తున్నాను. వార్త అందగానే నా చేతిలోని బకెట్టు ఏసోబు గారు అందుకున్నారు. నేను మట్టి చేసేలోపే చేరాను, నాన్నగారి పాదాలు కడిగాను.

ఒక్క సలహా. మీరు ఏదైనా జంతు ఆశ్రయంలో చేరాలనుకుంటే, వాళ్ళు చూపించే వేళకి వెళ్ళకండి, డ్యూటీ మారే వేళకి వెళ్ళి గేటు దగ్గర నిలబడండి. పని దిగి ఇంటికెళ్ళే మనిషి ముఖం చూడండి.