రామలింగం ఎంచుకున్న సాఫ్ట్‌వేర్

హనుమకొండలో మా మోటారు పంపుల కంపెనీకి రామలింగం ఒక్కడే రాతగాడు. పంపు ఎలా బిగించాలి, నీళ్లు రాకపోతే ఏం చూడాలి, ఏ తీగ ముట్టుకోకూడదు అని పంపుతో పాటు ఇచ్చే చిన్న పుస్తకాలు పదహారేళ్లుగా అతనే రాశాడు. రాసింది ముందు ఎవరైనా రైతుకు చదివి వినిపించేవాడు. ఆ రైతు విని, తన చేత్తో పంపు బిగించగలిగితేనే అచ్చుకు పంపేవాడు. నేను డిస్పాచ్ గుమాస్తాను. ఆ పుస్తకాలు డబ్బాల్లో పెట్టడం నా పని.

1987లో ఓనరు కిషన్ రావు కంప్యూటర్ కొన్నాడు. ఇక పుస్తకాలన్నీ దాంట్లోనే రాయాలన్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు రెండు సాఫ్ట్‌వేర్లు చూపించారు. ఒకటి ఇంగ్లీషుది, పేజీ పెళ్లిపత్రికలా ముద్దుగా వస్తుంది. రెండోదానిలో తెలుగు వస్తుంది, కాకపోతే అక్షరాలు మోటు. ఓనరు అల్లుడు భాస్కర్‌కు మొదటిదే నచ్చింది.

"పంపు కొనేటోనికి ఇంగ్లీషు వస్తదా సార్?" అని రామలింగం రెండోది ఎంచుకున్నాడు.

"సరే. ఖరాబైతే నీ నౌకరీ పోతది, మళ్ల నన్ననొద్దు," అన్నాడు భాస్కర్, నవ్వుతూనే.

మూడు నెలలు కూర్చుని రామలింగం పుస్తకాలన్నీ ఒక ఫ్లాపీలోకి, అంటే నడుమ సందున్న నల్లటి పల్చటి అట్టలాంటి దాంట్లోకి, ఎక్కించాడు. నకలు తీసుకుంటాను, ఇంకో ఫ్లాపీ ఇప్పించమని అడిగాడు. ఒక్కటి చాలన్నాడు ఓనరు. అలమార ఖాళీ కావాలని భాస్కర్ పాత రాతకాగితాలన్నీ, మిగిలిన అచ్చు పుస్తకాలతో సహా, చిత్తుకాగితాల వాడికి వేసేశాడు.

దసరాకు ఆఫీసులో ఆయుధపూజ. ఓనరు భార్య వరలక్ష్మమ్మ తడి కుంకుమ గిన్నె పట్టుకుని, పూజలో పెట్టిన ఫ్లాపీ దగ్గర ఆగింది.

"దీని పానం యాడుంటదయ్యా?"

నా తెలివి చూపించుకోవాలని తీట పుట్టింది నాకు. "నడుమ సందు కనపడ్తాంది గదమ్మా, రాసిందంతా ఆడనే ఉంటది," అన్నాను.

"అమ్మా, అండ్ల పెట్టకుండ్రి! వేలు తగిలితేనే ఖరాబైతది," అని రామలింగం పరుగెత్తుకొచ్చాడు.

"ఏందయ్యా, పండుగపూట అడ్డం మాట్లాడ్తానవ్? ఆయుధానికి బొట్టు పెట్టొద్దా?" అని కసిరాడు కిషన్ రావు. రామలింగం పక్కకు తప్పుకున్నాడు. ఆమె ఆ సందులోనే నిండుగా బొట్టు పెట్టింది.

పండుగ మర్నాడు ఆ ఫ్లాపీ పెడితే కంప్యూటర్ గరగరమంది తప్ప ఒక్క అక్షరం చూపించలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అన్నట్టు, తప్పంతా సాఫ్ట్‌వేర్‌ మీదికి పోయింది. "నేను ముందే చెప్పలే?" అన్నాడు భాస్కర్. రామలింగం నా వైపు చూశాడు. నేను డబ్బాలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను. అంత పిరికివాణ్ణి నేను.

"నీ సెలెక్షనే తప్పని రాసియ్యి. నౌకరీ ఇడిసిపెడ్తానని గూడ రాయి," అన్నాడు కిషన్ రావు.

రామలింగం నిలబడే రాసిచ్చాడు. కిషన్ రావు కళ్లద్దాలు పెట్టుకుని, ప్రతి వరుస కింద వేలు జరుపుతూ చదివాడు. పదహారేళ్లలో రామలింగం రాసింది ఆయన చివరిదాకా చదవడం అదే మొదటిసారి.

"బొట్టు ముచ్చట రాయలే గద?"

"లేదు సార్."

"మంచిగ రాసినవ్," అన్నాడు కిషన్ రావు.